దవడ కటక్కుమంటోందని రాసిన అమ్మలుకి

అమ్మలూ,

నీ ఉత్తరం రెండుసార్లు చదివాను. ఆవులించినప్పుడల్లా కుడిచెవి దగ్గర కటక్కుమంటోందనీ, పొద్దున్న లేచేసరికి దవడలు పట్టేసి ఉంటున్నాయనీ, చెవి డాక్టరు చూసి చెవిలో ఏమీ లేదన్నారనీ రాశావు. నేనూ అచ్చం అలాగే మొదట చెవి దగ్గరికే పరిగెత్తాను. నెల రోజులు చెవిలో చుక్కలు వేసుకున్నాను కూడా. నేను డాక్టర్ని కాదు, ఏళ్ళ తరబడి ఆ దవడతో వేగినదాన్ని. ఆ లెక్కన విను.

చెవికి ముందు వేలు పెట్టి నోరు తెరిచి చూడు. వేలి కింద ఏదో కదులుతుంది. దవడ కీలంటే అదే. నోరు కొంచెం తెరిస్తే ఆ ఎముక తల ఉన్నచోటే తిరుగుతుంది, ఇంకా తెరిస్తే ముందుకు జారుతుంది. రెండు ఎముకల మధ్య మెత్తలాంటి చిన్న బిళ్ళ ఉంటుంది. అది కాస్త ముందుకు తప్పుకుందనుకో, నోరు తెరిచేటప్పుడు ఎముక మళ్ళీ దాని మీదికి ఎక్కుతుంది. నీకు వినిపించే కటక్కు చాలావరకు అదే. నొప్పి లేకుండా చప్పుడొక్కటే ఉంటే దానికి వైద్యం అక్కర్లేదు. నాది ఇప్పటికీ మోగుతూనే ఉంది, నేను పట్టించుకోను. నువ్వు మాత్రం ‘ఇంకా ఉందా పోయిందా’ అని మాటిమాటికీ మోగించి చూసుకోకు. ఆ అలవాటు నాకుండేది.

నొప్పి సంగతి వేరు. అది ఎక్కువమందిలో కండరాలది. ఇప్పుడు, ఈ ఉత్తరం చదువుతుండగా, నీ పైపళ్ళూ కిందిపళ్ళూ ఒకదాన్నొకటి తాకుతున్నాయా? తాకకూడదు. పెదాలు మూసుకుని ఉండాలి, పళ్ళు విడిగా ఉండాలి, నాలుక పైపళ్ళ వెనక అంగిలికి తేలిగ్గా ఆని ఉండాలి. నమిలేటప్పుడూ మింగేటప్పుడూ తప్ప పళ్ళు కలవాల్సిన పనిలేదు. ఈ ముక్క చెప్పిన ఫిజియోథెరపిస్టు నాకు ఎర్రచుక్కల స్టిక్కర్లు ఇచ్చింది. అద్దం మీద ఒకటి, ఫోను వెనక ఒకటి, కంప్యూటరు అంచున ఒకటి అంటించాను. చుక్క కనపడినప్పుడల్లా పళ్ళు ఎలా ఉన్నాయో చూసుకోవాలి. మొదటిరోజు ఎన్నిసార్లు చూసినా బిగించే ఉన్నాయి! సూదిలో దారం ఎక్కిస్తున్నా బిగింపే, మెసేజ్ చదువుతున్నా బిగింపే. మూడో వారానికి కణతల నొప్పి సగానికి తగ్గింది. నేను పెట్టిన ఖర్చులన్నిటిలోకీ పనిచేసింది ఆ చుక్కలే.

ఓ రెండు వారాలు దవడకి కాస్త సెలవివ్వు. మెత్తనివి తిను, చిన్న ముక్కలు చేసుకుని రెండువైపులా నములు. అలాగని నోరు అసలు కదపకుండా కూర్చోకు, కీలు బిగుసుకుపోతుంది. చూయింగ్ గమ్ మానెయ్. గోళ్ళు కొరకడం, గడ్డం కింద చెయ్యి ఆన్చి కూర్చోవడం, ఫోను భుజానికీ చెవికీ మధ్య ఇరికించడం కూడా మానాలి. (చివరిది నీకు వంశపారంపర్యం, మీ అమ్మనడుగు.) ఆవులింత వస్తే గడ్డం కింద పిడికిలి అడ్డం పెట్టు. గోరువెచ్చటి తడిగుడ్డతో పదిహేను నిమిషాల కాపడం హాయిగా ఉంటుంది. అద్దం ముందు నాలుక అంగిలికి ఆన్చి, అది ఊడకుండా ఎంత తెరుచుకుంటే అంతే నోరు తెరిచి నెమ్మదిగా మూస్తూ రోజూ కొన్నిసార్లు చెయ్. దవడ పక్కకి పోకుండా తిన్నగా దిగాలి. నొప్పి పెరిగితే ఆపెయ్. ఇబుప్రొఫెన్ లాంటి మాత్రలు కొద్దిరోజులకైతే ఫరవాలేదు గానీ కడుపులో పుండు, కిడ్నీ ఇబ్బంది, గర్భం ఉన్నవాళ్ళు డాక్టర్ని అడక్కుండా వేసుకోకూడదు.

ఇక నా బాధ ఒకటి చెప్పుకోవాలి. ఒక పళ్ళ డాక్టరు ‘పైపళ్ళూ కిందిపళ్ళూ కలిసే పొందిక సరిగా లేదు, అందుకే ఈ నొప్పి’ అని బాగున్న పళ్ళు నాలుగు అరగదీశారు. నొప్పి పోలేదు, ఆ పళ్ళు మాత్రం చల్లనీళ్ళకి ఇప్పటికీ జివ్వుమంటాయి. ఆ ఆలోచన పాతదేనట. 1934లో జేమ్స్ కాస్టెన్ అనే అమెరికా చెవి, ముక్కు, గొంతు వైద్యుడు వెనకపళ్ళు ఊడి పొందిక చెడడానికీ, చెవి నొప్పికీ ముడిపెట్టి రాశాడు. ఆ తర్వాత చాలాకాలం పళ్ళు అరగదీయడం, తొడుగులు వెయ్యడం సాగింది. పొందికే అసలు కారణమన్న మాటకి ఇప్పుడు పెద్దగా ఆధారం లేదు. అందుకని నువ్వు ఎవరి దగ్గరికెళ్ళినా ఒక్కటే అడుగు: ‘ఇది పనిచెయ్యకపోతే వెనక్కి తీసుకోగలమా?’ ‘లేదు’ అంటే ఇంకొకరి అభిప్రాయం తీసుకున్నాకే నోరు తెరువు.

రాత్రి పడుకునేటప్పుడు పళ్ళకి తొడుక్కునే నైట్ గార్డ్ వెనక్కి తీసుకోగలిగేదే. నిద్రలో పళ్ళు కొరికే అలవాటుంటే మంచిది. కొరకడం ఆగదు గానీ పళ్ళు అరగవు, కొందరికి నొప్పీ తగ్గుతుంది. అన్ని పళ్ళనీ కప్పేలా, నీ నోటి కొలతకి చేయించుకో. ముందుపళ్ళకే తగిలించేవి ఎక్కువకాలం వాడితే పళ్ళ పొందికే మారిపోవచ్చు.

టెన్షన్ వల్లేనా అని అడిగావు. టెన్షన్ దవడని బిగిస్తుంది, నిజమే. అంతమాత్రాన నొప్పి నీ ఊహ అని ఎవరన్నా అంటే ఊరుకోకు. డిప్రెషన్‌కి వాడే కొన్ని మందులతో కూడా పళ్ళు బిగించడం ఎక్కువవుతుంది. అలాంటివి వాడుతుంటే సొంతంగా ఆపకు, రాసిచ్చిన డాక్టరుకి చెప్పు.

మామూలుగా మన వేళ్ళు మూడు ఒకదాని మీద ఒకటిగా నోట్లో పడతాయి. ఒకరోజు పొద్దున్న నాకు వేలిన్నర కూడా పట్టలేదు, కటక్కు కూడా ఆగిపోయింది. బిళ్ళ అడ్డం పడిందన్నమాట. అలా జరిగితే బలవంతంగా తెరవకు, రెండు మూడు రోజుల్లోపే నోరు-దవడ సర్జన్‌కి చూపించుకో. తెరిచిన నోరు మూతపడకపోతే మాత్రం నేరుగా ఆసుపత్రికి వెళ్ళు, ఇంట్లోవాళ్ళని నొక్కనివ్వకు. బిళ్ళ బాగా కనపడేది ఎమ్మారై స్కాన్‌లో, అదీ అందరికీ అక్కర్లేదు. కీలులోకి సూది వేసి కడగడం, ఆపరేషన్ లాంటివి చివరాఖరి మాట. ఎక్కువమందికి అంతదాకా రాకుండానే తగ్గిపోతుంది, నాకూ తగ్గింది.

ఇది మీ అమ్మకి కూడా చదివి వినిపించు. యాభై దాటినవాళ్ళకి కొత్తగా కణతల దగ్గర తలనొప్పి వచ్చి, నములుతుంటే దవడ అలిసిపోతూ చూపు మసకబారితే అది కీలు సంగతి కాదు, రక్తనాళాల వాపు కావచ్చు. ఆ రోజే డాక్టర్ని చూడకపోతే చూపే పోవచ్చు. మెట్లెక్కితే దవడ లాగి, కూర్చుంటే తగ్గుతున్నా గుండె చూపించుకోవాలి. అదే నొప్పి చెమటతోనో, ఆయాసంతోనో వచ్చి తగ్గకపోతే అంబులెన్సుకి ఫోన్ చెయ్యాలి. జ్వరం, వాపు ఉంటే పంటిలో చీము చేరిందేమో చూపించాలి.

ఇందులో ఒక స్టిక్కర్ల కాగితం పెడుతున్నాను. సగం నేను వాడేశాను, మిగిలినవి నీకు. వచ్చేవారం రాసేటప్పుడు నొప్పి సంగతి తర్వాత, ముందు రోజుకి ఎన్నిసార్లు దొరికిపోయావో రాయి.

మీ పెద్దమ్మ