దూరం నుంచి తీసిన ఫోటోను చిన్న ప్రొఫైల్ ఐకాన్‌గా మార్చడం ఎలా?

ట్రిప్పులో దూరం నుంచి తీసిన ఫోటోను ఐకాన్‌గా పెడితే ముఖం ఆనవాలు పట్టలేనట్టు మసకగా వస్తోందని, ఫోటోషాప్ కొనకుండా దారేదైనా ఉందా అని అడిగారు. ఉంది. కడపలో ఒక ఫోటో స్టూడియోలో ఎడిటింగ్ చేస్తుంటాను, ఇలాంటివి తరచూ నా చేతికి వస్తాయి. దాదాపు ప్రతిసారీ జరిగేది ఒకటే: ఫోటో మొత్తాన్ని కుదిస్తారు గానీ కావలసినంత ముక్కను కత్తిరించరు. అసలు పనంతా ఆ కత్తిరింపులోనే ఉంది.

ఈమధ్య మా అక్కకు చేసిచ్చిందే చెబుతాను. తను మాధవరం చేనేత చీరలు వాట్సాప్‌లో అమ్ముతుంది. గండికోటలో పెన్నా లోయ అంచున దిగిన ఫోటో అంటే తనకు ప్రాణం, అదే ఐకాన్‌గా కావాలంది. ఫోటో వెడల్పు 3000 పిక్సెళ్లు, ఎత్తు 4000. లోయ, ఎర్రటి బండలు, ఆకాశం అన్నీ చక్కగా పడ్డాయి. అక్క మాత్రం ఫోటోలో మూడో వంతు ఎత్తే ఉంది, తల సుమారు 200 పిక్సెళ్లు. ఫోటోను పూర్తి వెడల్పుతో 96 పిక్సెళ్ల ఐకాన్ చదరంలోకి కుదిస్తే తలకు మిగిలేది ఆరు పిక్సెళ్లు. ఆరు చుక్కల్లో కళ్లు, ముక్కు, బొట్టు ఎక్కడ ఇముడుతాయి? అదే తల నుంచి భుజాల దాకా 400 బై 400 ముక్క తీసుకుని కుదిస్తే తలకు 48 పిక్సెళ్లు దక్కుతాయి. ముఖం స్పష్టంగా తెలుస్తుంది. లోయ పోతోందని అక్క కొంచెం బాధపడింది. కానీ అంత చిన్న చోట అది గోధుమరంగు మరకలాగే కనిపిస్తుంది, ఉంచినా లాభం లేదు. ఆ ఫోటో పూర్తిగా స్టేటస్‌లో పెట్టుకోమన్నాను.

మొదలుపెట్టే ముందు ఒక్కటి చూసుకోండి. వాట్సాప్‌లో మామూలుగా ఫార్వర్డ్ అయి వచ్చిన ఫోటోతో పని చేయకండి, అందులో పిక్సెళ్లు ముందే తగ్గిపోయి ఉంటాయి. తీసినవాళ్ల ఫోన్‌లోని అసలు ఫైలునే డాక్యుమెంట్‌గా పంపమనండి. అక్క తల 200 పిక్సెళ్లు ఉండబట్టే నాకు పని తేలికైంది. అందులో సగం కూడా లేకపోతే ఏ సాఫ్ట్‌వేరూ లేని వివరాన్ని నిజంగా తెచ్చిపెట్టలేదు.

సాఫ్ట్‌వేర్ విషయానికొస్తే గింప్ చాలు. ఉచితం, విండోస్‌లోనూ లినక్స్‌లోనూ మ్యాక్‌లోనూ నడుస్తుంది. ఫోటో తెరిచి క్రాప్ టూల్ తీసుకోండి, షిఫ్ట్ పట్టుకుని సీ నొక్కితే వస్తుంది. దాని ఆప్షన్లలో ఫిక్స్‌డ్ దగ్గర టిక్ పెట్టి, యాస్పెక్ట్ రేషియో 1:1 అని ఇవ్వండి. ఇక ఎటు లాగినా చదరమే వస్తుంది. తల పైన కొంచెం ఖాళీ వదలండి. ఎందుకంటే చాలా యాప్‌లు చదరాన్ని గుండ్రంగా చూపిస్తాయి, అందువల్ల నాలుగు మూలల్లో కలిపి దాదాపు 21 శాతం భాగం కనపడకుండా పోతుంది. మూలలో షాపు పేరు రాయించుకునేవాళ్లకు నేను మొదట చెప్పేది ఇదే.

తర్వాతది వెలుగు. మన కడప ఎండలో మధ్యాహ్నం తీసిన ఫోటోల్లో కళ్ల కింద, ముక్కు కింద నీడలు గట్టిగా పడతాయి. పెద్ద ఫోటోలో అవి పెద్దగా ఇబ్బంది పెట్టవు. చిన్నది చేశాక మాత్రం కళ్ల చోట రెండు నల్లటి గుంటలే మిగులుతాయి. అక్క ఫోటోలో సరిగ్గా ఇదే జరిగింది. కలర్స్ మెనూలో షాడోస్-హైలైట్స్ ఉంటుంది, అందులో షాడోస్ కొద్దిగా పెంచాను, కళ్లు తేరుకున్నాయి. ముఖం తెల్లబారేదాకా పెంచకండి. మన ఒంటి రంగు మన రంగులా ఉంటేనే చూసినవాళ్లు గుర్తుపడతారు. స్టూడియోకు వచ్చి తెల్లగా చేయమని అడిగేవాళ్లకూ ఇదే మాట ఓపిగ్గా చెబుతాను.

ఇంకో చిక్కు వెనకాల బండల రంగు. అది చర్మం రంగుకు దగ్గరగా ఉండి, చెంప ఎక్కడ ముగిసి బండ ఎక్కడ మొదలైందో తెలియలేదు. ఫ్రీ సెలెక్ట్ టూల్‌తో మనిషి చుట్టూ గీత గీసి, సెలెక్ట్ మెనూలోని ష్రింక్‌తో ఒకటి రెండు పిక్సెళ్లు లోపలికి జరిపి, అంచు మెత్తబడేలా కాస్త ఫెదర్ ఇచ్చాను. ఇలా లోపలికి జరపకపోతే పాత బ్యాక్‌గ్రౌండ్ రంగు అంచున సన్నటి చారలా మిగిలిపోతుంది. తర్వాత అదే మెనూలోని ఇన్వర్ట్‌తో సెలెక్షన్‌ను బ్యాక్‌గ్రౌండ్ మీదికి మార్చి, వెనకాల లేత నీలం నింపాను. అక్క కట్టుకున్నది నిమ్మపండు రంగు చీర, నీలం మీద అంచు బాగా తేలింది. జుట్టు పోగు పోగునా సెలెక్ట్ చేస్తూ కూర్చోకండి, 96 పిక్సెళ్లలో ఒక్క పోగూ కనపడదు.

ఈ దశలో ఫైలును గింప్ సొంత ఫార్మాట్ అయిన ఎక్స్‌సీఎఫ్‌గా సేవ్ చేసి పెట్టుకోండి. రేపు వేరే సైజు కావాలంటే ఇక్కడి నుంచే చేయాలి. చిన్నదాన్ని మళ్లీ పెద్దది చేస్తే పాడవుతుంది. తర్వాత ఇమేజ్ మెనూలో స్కేల్ ఇమేజ్ తెరిచి సైజు 96 ఇవ్వండి, ఇంటర్‌పొలేషన్ (కుదించే పద్ధతి) దగ్గర క్యూబిక్ ఎంచుకోండి. నన్ అని ఉంటే అంచులు మెట్లు మెట్లుగా వస్తాయి. కుదించాక ముఖం కొంచెం మెత్తబడుతుంది కాబట్టి ఫిల్టర్స్‌లో ఎన్‌హాన్స్ కింద ఉన్న షార్పెన్ వాడండి, రేడియస్ 0.5 దగ్గర ఉంచి. ఎక్కువైతే ముఖం చుట్టూ తెల్ల గీత పడుతుంది. కంటి చూపుతో తేల్చుకోవాల్సింది ఇక్కడే: జూమ్ 100 శాతంలో పెట్టి చూడండి, ఆపై ఫోన్‌కు పంపుకుని లైట్, డార్క్ మోడ్ రెండింటిలోనూ చూడండి.

ఎక్స్‌పోర్ట్ చేసేటప్పుడు పీఎన్‌జీ ఎంచుకోండి. జేపెగ్‌లో పారదర్శకత ఉండదు, గుండ్రంగా కత్తిరించినా మూలలు రంగుతో నిండిపోతాయి. యాప్ తనే గుండ్రంగా చూపిస్తుంటే చదరాన్నే అప్‌లోడ్ చేయండి, అది 96 కంటే పెద్దది తీసుకుంటే కుదించని 400 చదరాన్నే ఇవ్వండి. ఎక్స్‌పోర్ట్ డబ్బాలో ఎగ్జిఫ్ డేటా (ఫోటోతో పాటు ఫైలులో దాగి ఉండే వివరాలు) దగ్గర టిక్ తీసేయండి. ఫోన్‌లో లొకేషన్ ఆన్‌లో ఉండి తీసిన ఫోటోలో ఆ చోటు వివరం ఉంటుంది. ఇంట్లో తీసుకున్న ఫోటో అయితే, ముఖ్యంగా ఇంటి నుంచి వ్యాపారం చేసే ఆడవాళ్లు, ఇది మర్చిపోవద్దు.

వెబ్‌సైట్ ట్యాబ్‌లో కనిపించే 16 బై 16 ఐకాన్ కూడా కావాలంటే అక్కడ ముఖం వద్దు. మొత్తం 256 చుక్కలే, ఏ ముఖమూ కుదరదు. పేరులోని మొదటి అక్షరం ఒకే రంగు మీద పెట్టించుకోండి. అక్క సైట్‌కు అలాగే చేశాను.