కెమెరా అమ్మిన సంగతి మరిదికి తెలుసా?

కొత్త ఇల్లు కొనుక్కున్న తోడికోడలి ఇంటికి వెళ్లాలా మానాలా అని అడిగారు. వెళ్లండి, లేదా మానేయండి, రెండు గంటల పని అది, దానికి నాలుగు పేజీల ఉత్తరం అక్కర్లేదు. నేను ఆగిపోయింది మూడో పేజీ దగ్గర.

2020లో ఫంక్షన్లన్నీ ఆగిపోయి మీవారి ఫోటో స్టూడియో మూతపడింది. మరిది, ఆయన భార్య ఇద్దరూ ఇంట్లోంచే కంప్యూటర్ ముందు పనిచేశారు, జీతాలు ఆగలేదు, రాకపోకల ఖర్చు కూడా మిగిలింది. మీకేమో షట్టర్ దించినా అద్దె దిగలేదు, అప్పు మిగిలింది. వైరస్ అందరికీ ఒకటేగానీ, పనిని ఇంటికి తెచ్చుకోగలిగినవాళ్లకీ జనం మధ్యకి వెళ్తేగానీ పూట గడవనివాళ్లకీ దెబ్బ ఒకేలా తగల్లేదు. ఇందులో మీవారి చేతకానితనమూ లేదు, వాళ్ల తెలివీ లేదు. "లాక్‌డౌన్ మాకు కలిసొచ్చింది అక్కా" అని ఆ అమ్మాయి నవ్వుతూ అనడం మాత్రం తప్పే, ఎదుట ఎవరున్నారో చూసుకుని మాట్లాడాలి. మండదా మరి.

కానీ ఆ పిల్లకి మీ సంగతి ఎవరైనా చెప్పారా? మీరే రాశారు, కెమెరా అమ్మేసిన రోజు సాయంత్రమే మరిది ఫోన్ చేసి "అన్నయ్యా, డబ్బేమైనా పంపనా" అంటే మీవారు "మాకేం లోటురా, నువ్వు జాగ్రత్త" అన్నారని, మీరు ఖాళీ కెమెరా బ్యాగు దులుపుతూ పక్కనే విన్నారని. మరి "ఒక్కరూ ఆదుకోలేదు" అని ఎలా అంటారమ్మా? వద్దని చెప్పింది మీ ఇంట్లోనే. ఆయన ముఖం అప్పటికే వాడిపోయి ఉంది కాబట్టి కోపం ఆయన మీద చూపించలేక తోడికోడలి మీదికి తోశారు. కోవిడ్ అత్యవసర పరిస్థితి ముగిసిందని 2023 మేలో ప్రపంచ ఆరోగ్య సంస్థ ప్రకటించింది, మీరు మాత్రం ఇప్పటికీ ఆ ఫోన్ కాల్ దగ్గరే ఉన్నారు.

తమ్ముడి దగ్గర చెయ్యి చాచకపోవడం ఆత్మగౌరవమే, కాదనను. కట్టుకున్నదాన్ని ఒక్క మాట అడక్కుండా అంతా బాగుందని చెప్పేసి, ఆ అప్పు ఇద్దరి నెత్తినా పెట్టడాన్ని మాత్రం నేను పంతం అంటాను, మీవారికి కోపం వచ్చినా సరే.

పిల్లలు పడుకున్నాక ఇద్దరూ కూర్చోండి. "ఆ రోజు అలా ఎందుకన్నారు" అని నిలదీయకండి. అప్పు ఇంకా ఎంతుంది, వడ్డీ ఎంత, నెలకి ఎంత కడుతున్నారు, కాగితం మీద రాయించండి, మీ ఉత్తరం మొత్తంలో ఆ అంకె ఒక్కచోటా లేదు, మీకు తెలియదనే నా అనుమానం. తర్వాత కెమెరా అమ్మిన సంగతి మరిదికి ఎవరు చెప్పాలో తేల్చుకోండి. ఆయనే చెబితే మంచిది. సాయం అడగమని కాదు, తెలియాలి అంతే. అదయ్యాక కొత్త ఇంటికి ఏం పట్టుకెళ్లాలో ఆలోచిద్దురుగాని.