నీళ్లకు తోడు పెట్టాకే చేపలు

ప్రశ్న: మా బాబు ఆరో పుట్టినరోజుకు రెండడుగుల అక్వేరియం, నాలుగు గోల్డ్‌ఫిష్‌లు కొన్నాము. పదిహేను రోజులు తిరగకుండానే మూడు చనిపోయాయి. నీళ్లు మాత్రం తేటగానే ఉన్నాయి. మాకు రోజు మార్చి రోజు కృష్ణా నీళ్లు వస్తాయి, సంపులో బోరు నీళ్లు కూడా కలుస్తాయి. ఫిల్టరు శబ్దానికి బాబు నిద్ర లేస్తున్నాడని రాత్రిపూట ఆపేస్తున్నాము. దుకాణంలో అడిగితే యూవీ దీపం ఉన్న పెద్ద ఫిల్టరు పెట్టమంటున్నారు. తాగడానికి వాడే ఆర్వో నీళ్లు పోస్తే సరిపోతుందని మా వారు అంటున్నారు. ఏది చేయమంటారు?
– ఒక తల్లి, నాచారం

జవాబు: అమ్మా, ముందు ఆ మిగిలిన ఒక్క చేప సంగతి చూద్దాం. పత్రిక మీ చేతికి వచ్చేసరికి అది బతికి ఉంటే, ఇవాళే తొట్టిలోంచి పావు వంతు నీళ్లు తీసేసి కొత్త నీళ్లు పోయండి. ముందురోజు బకెట్‌లో పట్టి మూత పెట్టకుండా ఉంచిన నీళ్లయితే క్లోరిన్ చాలావరకు పోయి ఉంటుంది. అంత వ్యవధి లేకపోతే దుకాణాల్లో దొరికే యాంటీ క్లోరిన్ చుక్కలు సీసా మీద రాసిన కొలతలో కలపండి. కొన్నాళ్లపాటు రోజూ ఇదే పని. మేత రెండు రోజులకొకసారి, అది రెండు నిమిషాల్లో తినేయగలిగినంతే.

ఇక మీ చేపలు ఎందుకు పోయాయో చెబుతాను. చేప మొప్పల నుంచి రాత్రింబవళ్లు అమ్మోనియా వెలువడుతూనే ఉంటుంది. మిగిలిపోయిన మేత కుళ్లినా అదే పుడుతుంది. దానికి రంగు లేదు, అందుకే నీళ్లు తేటగా ఉండి కూడా విషమయ్యాయి. ఈ అమ్మోనియాను ఒక రకం బ్యాక్టీరియా నైట్రైట్‌గా మారుస్తుంది. అదీ విషమే. ఇంకో రకం బ్యాక్టీరియా దాన్ని నైట్రేట్‌గా మారుస్తుంది. నైట్రేట్‌ను చేపలు చాలావరకు తట్టుకుంటాయి, వారం వారం కొన్ని నీళ్లు మారిస్తే అది హద్దులో ఉంటుంది. నీటిని శుద్ధి చేయడమంటే అసలు ఇదే. ఫిల్టరు మురికిని పట్టే జల్లెడ మాత్రమే కాదు, ఈ బ్యాక్టీరియా కాపురముండే ఇల్లు. కొత్త ఫిల్టరులో ఆ కాపురం కుదురుకోవడానికి నాలుగు నుంచి ఆరు వారాలు పడుతుంది. మీరు మొదటి రోజే నాలుగు చేపలను వదిలారు. ఈ మాట దుకాణంలో ఎవరూ చెప్పి ఉండరు, తప్పు మీది కాదు.

ఇక్కడ మన వంటింటి ఉపాయమే పనికొస్తుంది. పాలకు తోడు వేసినట్టే నీళ్లకూ తోడు వేయవచ్చు. జబ్బులు లేకుండా ఏడాదికి పైగా నడుస్తున్న అక్వేరియం తెలిసినవారి ఇంట్లో ఉంటే, వారి ఫిల్టరు స్పాంజి ముక్క ఒకటి అడిగి తెచ్చుకోండి. ఆ తొట్టి నీళ్లలోనే ముంచి, ప్లాస్టిక్ కవరులో పెట్టి, తడి ఆరకముందే మీ ఫిల్టరులో అమర్చండి. నెల పట్టే పని చాలా త్వరగా అవుతుంది. అమ్మోనియా, నైట్రైట్ చూసే చుక్కల పరీక్ష కిట్ కూడా ఒకటి కొనండి. రెండూ సున్నా చూపించి, ఒక వారం అలాగే నిలిచాకే నీళ్లు కుదిరినట్టు.

రాత్రిపూట ఫిల్టరు ఆపడం మాత్రం ఇవాళే మానేయండి. ఆ బ్యాక్టీరియాకు ప్రాణవాయువు పారే నీటితోనే అందుతుంది. ఆగిన ఫిల్టరులో అది కొన్ని గంటల్లోనే నీరసిస్తుంది, పొద్దున్నే స్విచ్ వేయగానే లోపల నిలిచిన పాడు నీళ్లు చేప మీదికే వస్తాయి. శబ్దం ఇబ్బందైతే ఎయిర్ పంపు కింద మడిచిన తువ్వాలు వేయండి, లేదా తొట్టినే బాబు గదిలోంచి హాలులోకి మార్చండి.

పెద్ద ఫిల్టరు మీకు అక్కరలేదు. రెండడుగుల పొడవు, అడుగు వెడల్పు, అడుగు ఎత్తు ఉన్న తొట్టిలో అంచు దాకా పోస్తే 56 లీటర్లు పడతాయి. ఇసుక, పైన వదిలిన ఖాళీ పోగా 45 అనుకోండి. గంటకు 200 నుంచి 250 లీటర్లు తిప్పే చిన్న ఫిల్టరు, దానితోపాటు ఎయిర్ పంపుతో నడిచే స్పాంజి ఫిల్టరు ఒకటి చాలు. స్పాంజి ఫిల్టరు మీద నాకు చాలా గౌరవం. ఖరీదు తక్కువ, చెడిపోవడానికి లోపల ఏమీ లేదు, పైకి లేచే బుడగలే నీటిని స్పాంజిలోంచి లాగుతాయి. యూవీ దీపం ఆకుపచ్చగా మారిన నీళ్లకు పనికొస్తుంది కానీ అమ్మోనియాను తీయలేదు. బొగ్గు సంచి రంగునూ వాసననూ పీలుస్తుంది, అదీ అమ్మోనియా జోలికి పోదు. ఆ డబ్బుతో బ్యాక్టీరియా కాపురానికి చోటిచ్చే సిరామిక్ రింగులు కొని ఫిల్టరులో వేయండి.

మీ వారికి చెప్పండి, ఆర్వో నీళ్లు వద్దు. అందులో లవణాలు దాదాపు ఉండవు. అవి లేని నీటిలో పీహెచ్ (నీటి ఆమ్ల, క్షార గుణాల కొలత) నిలకడగా ఉండదు, ఉన్నట్టుండి పడిపోతుంది. మన బోరు నీళ్ల కాఠిన్యాన్ని గోల్డ్‌ఫిష్ బాగానే ఓర్చుకుంటుంది. కృష్ణా, బోరు కలిసిన మీ సంపు నీళ్లే మేలు, క్లోరిన్ పోతే చాలు. ఎండాకాలంలో ఒక జాగ్రత్త: మేడ మీది ట్యాంకు నీళ్లు మధ్యాహ్నానికి కాగిపోతాయి, తెల్లవారుజామునే పట్టి పెట్టుకోండి. వేడి నీటిలో ప్రాణవాయువు తక్కువ కరుగుతుంది కాబట్టి ఆ నెలల్లో బుడగలు ఎక్కువగా రావాలి.

స్పాంజిని కొళాయి కింద కడగవద్దు, క్లోరిన్‌కు అందులోని బ్యాక్టీరియా చచ్చిపోతుంది. ఇది నేను పద్మారావునగర్‌లో నా తొట్టి దగ్గరే నేర్చుకున్నాను. సంపు కడిగి బ్లీచింగ్ పౌడర్ వేసిన రోజని తెలియక, స్పాంజిని కొళాయి ధార కింద తెల్లబడేదాకా పిండి బిగించాను. నీళ్లు ఎన్నడూ లేనంత తేటగా కనిపించాయి. మూడో రోజుకు చేపలు పైకి వచ్చి నోళ్లు తెరిచాయి. పదకొండింటిలో నాలుగే మిగిలాయి. పోయినవాటిలో ఏడేళ్లుగా నా వేలి చప్పుడుకు వచ్చే చేప ఒకటి ఉంది. అప్పటి నుంచి, తీసేసిన తొట్టి నీళ్లలోనే స్పాంజిని రెండుసార్లు మెల్లగా పిండి పెడుతున్నాను. నెలకోసారి చాలు, గోధుమరంగు పోనక్కరలేదు. చేపల జబ్బులకు వాడే నీలం మందు (మిథిలీన్ బ్లూ) కూడా జబ్బేదో తెలియకుండా తొట్టిలో వేయవద్దు, అది ఈ బ్యాక్టీరియానూ దెబ్బతీస్తుంది.

మరో మూడు చేపలు కొనిపెట్టమని బాబు అడుగుతాడు. గోల్డ్‌ఫిష్ జానెడు పెరిగే చేప. ఈ తొట్టిలో ఉన్న ఒక్కదాన్నే పెంచండి, అది పెరిగాక పెద్ద తొట్టి చూడండి. తీసేసిన నీళ్లను వాడు కరివేపాకు మొక్కకు పోయవచ్చు, అందులో నైట్రేట్ ఉంటుంది.

ప్రశ్న: కరెంటు పోయినప్పుడు ఎయిర్ పంపు గొట్టంలోంచి నీళ్లు వెనక్కి కారి నేల తడిసింది. పంపు చెడిపోయిందా?
– ఒక పాఠకుడు, దిల్‌సుఖ్‌నగర్

జవాబు: చెడిపోలేదండి, మీరు దాన్ని తొట్టి కంటే కింద పెట్టారు. గాలి ఆగగానే నీళ్లు గొట్టం వెంట దిగాయి. పంపును నీటి మట్టం కంటే ఎత్తున పెట్టండి, లేదా గొట్టం మధ్యలో నీళ్లు వెనక్కి రానివ్వని చిన్న వాల్వు బిగించండి. దాని మీద ఉన్న బాణం తొట్టి వైపు ఉండాలి. వైరు కూడా స్విచ్ బోర్డు కంటే కిందికి వేలాడి, మళ్లీ పైకి వెళ్లి ప్లగ్గులో చేరేలా చూడండి. కారిన చుక్క ఆ వంపు దగ్గరే నేల మీద పడిపోతుంది, ప్లగ్గు దాకా పోదు. తొట్టిలో చేయి పెట్టే ముందు పరికరాలన్నీ ఆపండి, చేయి తీయగానే మళ్లీ వేయండి.