రెండు వందల గ్రాఫులకు చేత్తో పేర్లు రాస్తూ కూర్చుంటావా?

ప్రశ్న: విశాఖలో ఎమ్మెస్సీ ఓషనోగ్రఫీ చదువుతున్నాను. ప్రాజెక్టుకి సముద్రపు ఉష్ణోగ్రత, లవణీయత డేటా ఫైళ్లు రెండు వందల దాకా ఇచ్చారు. ఒక్కో గ్రాఫ్ మీదా స్టేషన్ పేరు, తేదీ టైప్ చేయలేక చస్తున్నాను. సీనియర్ షెల్ స్క్రిప్ట్ (కంప్యూటర్‌కి వరుసగా ఇచ్చే కమాండ్ల ఫైలు) రాసుకోమంటున్నాడు. నాన్నగారేమో అది పాతకాలం సరుకు, పైథాన్ కోర్సులో చేరమంటున్నారు. ఏం చేయను?

జవాబు: ముందు మీ సీనియర్ మాట విను తల్లీ. పాతదే, కాదనను. గ్రాఫులు గీసే గ్నూప్లాట్ 1986లో వచ్చింది, షెల్ స్క్రిప్టుల్ని నడిపే బ్యాష్ 1989లో. అయితే ఏం, రెండూ ఉచితం, నీ పనికి సరిగ్గా సరిపోతాయి, పైగా కోర్సు అయ్యేదాకా గైడ్ గారు ఆగరు కదా.

పది లైన్ల పని ఇది. ఒకే పనిని మళ్లీ మళ్లీ చేయించే ఫర్ లూప్‌తో ఫోల్డర్‌లోని ఫైళ్లు ఒక్కొక్కటే తీసుకో, బేస్‌నేమ్ కమాండ్‌తో ఫైలు పేరు చివరి ఎక్స్‌టెన్షన్ తీసేస్తే స్టేషన్ పేరు మిగులుతుంది, తేదీ మొదటి లైన్లో ఉంటే హెడ్ కమాండ్‌తో లాగేయ్, ఆ రెండిటినీ గ్నూప్లాట్‌లో 'సెట్ టైటిల్' కమాండ్‌కి అందించు. గీతల పేర్లకి ఆ శ్రమ కూడా లేదు, 'సెట్ కీ ఆటోటైటిల్ కాలమ్‌హెడ్' అని ఒక్క లైను రాస్తే కాలమ్ పైనున్న పేర్లు అవే వచ్చేస్తాయి.

రెండు చోట్ల మాత్రం తల నొప్పి. ఫైలు పేరులో అండర్‌స్కోర్ ఉంటే దాని పక్క అక్షరం చిన్నదై కిందికి జారుతుంది, 'సెట్ టైటిల్' లైను చివర నోఎన్‌హాన్స్‌డ్ అని చేర్చు. విండోస్‌లో సేవ్ చేసిన ఫైళ్లకైతే లైను చివర కంటికి కనపడని అక్షరం ఒకటి ఉండి టైటిల్‌ని పాడుచేస్తుంది, ముందే దాన్ని తీసేసే డాస్‌టుయునిక్స్ కమాండ్ నడుపు.

ఇక ఉద్యోగం సంగతి. చేత్తో టైప్ చేస్తూ భీమిలి గ్రాఫ్ మీద గంగవరం అని కొట్టావనుకో, వైవాలో అదొక్కటి బయటపడితే మిగతా గ్రాఫులన్నిటి మీదా అనుమానమే. పేరు డేటా ఫైలులోంచే వస్తే ఆ టెన్షన్ ఉండదు. రేపు మన ఊళ్లోని ఎన్‌ఐఓ (జాతీయ సముద్ర విజ్ఞాన సంస్థ) ప్రాంతీయ కేంద్రంలోనో, హైదరాబాద్‌లోని సముద్ర సమాచార సేవల సంస్థ ఇన్‌కాయిస్‌లోనో ప్రాజెక్టు పోస్టుకి వెళ్లినప్పుడు చెప్పుకోవడానికి కోర్సు సర్టిఫికెట్ కంటే ఈ స్క్రిప్టే నయమని నా అభిప్రాయం.

పైథాన్ వద్దనట్లేదు. సముద్ర, వాతావరణ డేటా దాచే నెట్‌సీడీఎఫ్ రకం ఫైళ్లు చేతికొస్తే అది ఎలాగూ పట్టాల్సిందే, నాన్నగారికి అదే చెప్పు, సెమిస్టర్ అయ్యాక చేరతానను. ఈలోగా డేటా మొత్తానికి ఒక కాపీ తీసి దాచి, మూడు ఫైళ్ల మీద స్క్రిప్ట్ నడిపి చూడు. పేర్లు సరిగ్గా పడ్డాకే మొత్తం ఫోల్డర్ మీద వదులు.