కట్టెల స్టవ్ కొనే ముందు ఇది చదవండి

అమ్మలూ,

వెర్మాంట్‌లో పాత ఇల్లు కొన్నారనీ, హీటింగ్ ఆయిల్ బిల్లు చూసి కట్టెల స్టవ్ పెట్టుకుందామనుకుంటున్నారనీ మీ అమ్మ చెప్పింది. పెట్టుకోండి, కరెంటు పోయిన రాత్రి కూడా ఇల్లు వెచ్చగా ఉంటుంది. కానీ స్టవ్ ధర ఒక్కటే చూసి లెక్క వేసుకోవద్దు. చాలా ఇళ్ళల్లో స్టవ్ కన్నా చిమ్నీకే ఎక్కువవుతుంది. పాత ఇటుక చిమ్నీ లోపల పగుళ్ళుంటే లైనర్ అనే స్టీలు గొట్టం దించాలి, అసలు చిమ్నీయే లేకపోతే ఇంటికప్పు దాటి పైదాకా ఇన్సులేషన్ ఉన్న పైపు వేయించాలి. అందుకని ముందు చిమ్నీలు చూసే అతన్ని పిలిపించి, ఆ ఖర్చు తేలాక మిగిలినదానితో స్టవ్ చూడండి.

పెద్దది మాత్రం కొనొద్దు. ఇల్లు ఉడికిపోతుంటే ఏం చేస్తారు, గాలి తగ్గించేస్తారు. మంట చచ్చి పొగ మొదలవుతుంది, ఆ పొగ గొట్టంలో చల్లబడి నల్లగా తారులా పేరుకుంటుంది. క్రియోసోట్ అంటారు దాన్ని. చిమ్నీలు అంటుకునేది దానివల్లే. మీ 1,500 చదరపు అడుగుల ఇంటికి, లోపల కట్టెలు పెట్టే చోటు 2 ఘనపుటడుగులుంటే చాలు. చిన్న స్టవ్‌లో మంట బాగా మండనివ్వడమే మేలు.

పొగని కూడా మండించే కంబస్టర్ అనే భాగం లోపల ఉండే క్యాటలిటిక్ రకం బాగా పనిచేస్తుంది కానీ కొన్నేళ్ళకి ఆ కంబస్టర్ మార్చాలి, అది చవక కాదు. మీకు మామూలు రకమే నయం. సెకండ్ హ్యాండ్‌లో చూస్తే వెనక ఈపీఏ (అమెరికా పర్యావరణ సంస్థ) ప్లేటు ఉందో లేదో చూడండి, 2020 మే నుంచి కొత్తగా అమ్మేవాటికి గంటకు 2 నుంచి 2.5 గ్రాముల పొగ మించకూడదని రూలు. తలుపు సందులో డాలర్ నోటు పెట్టి మూసి లాగండి. సులువుగా జారి వచ్చేస్తే తలుపు అంచున సందు మూసే గ్యాస్కెట్ పోయినట్టు, అది మార్చుకోవచ్చు. లోపలి ఇటుకలు పగిలినా పర్వాలేదు, అవీ దొరుకుతాయి. పోత ఇనుములో చీలిక కనిపిస్తే మాత్రం ఎంత చవకైనా వదిలేయండి.

ఇక కట్టెలు. అమ్మే ప్రతివాళ్ళూ బాగా ఎండినవనే అంటారు. తేమ మీటర్ ఒకటి కొనుక్కుని, దుంగని అక్కడే చీల్పించి, ఆ కొత్త ముఖం మీద గుచ్చి చూడండి. 20 శాతం లోపుండాలి. ఓక్ చెట్టు కట్టె అయితే రెండు వేసవులు ఎండాలి, కాబట్టి ఈ చలికాలానికి యాష్ చెట్టు ఎండు కట్టె దొరుకుతుందేమో అడగండి. కట్టెలు అమ్మే కొలత కార్డ్, అంటే 128 ఘనపుటడుగులు, పేర్చాక కొలవండి, ట్రక్కులో కుప్ప చూసి డబ్బులివ్వద్దు.

టౌన్ పర్మిట్ తీసుకోండి, ఇన్సూరెన్స్ వాళ్ళకి ముందే చెప్పండి. పడకగదుల దగ్గర కార్బన్ మోనాక్సైడ్ అలారం పెట్టకుండా మొదటి మంట వెయ్యొద్దు, ఇది నా మాటగా అల్లుడికి గట్టిగా చెప్పు. బూడిదలో నిప్పు రోజుల తరబడి బతికే ఉంటుంది, మూత ఉన్న ఇనప డబ్బాలో పోసి ఇంటికీ చెక్క డెక్‌కీ దూరంగా పెట్టండి.

చలి మొదలయ్యాక చిమ్నీవాళ్ళు దొరకడం కష్టం. ఈ వారమే ఫోన్ చేయండి.

పెదనాన్న