అల్లుడూ, పెద్ద రాక్ బాస్ పడాలంటే

ఒరేయ్ చంటీ,

మొన్న నువ్వు వాట్సాప్‌లో పెట్టిన ఫోటో చూశానురా. చేతిలో అరచెయ్యంత చేప, మొహంలో తిమింగలం పట్టినంత సంబరం, కింద "మామయ్యా బాస్ పట్టా" అని రాశావు. మీ అత్తకి చూపిస్తే కూరకి సరిపోదు పచ్చడికి ఎక్కువ అని నవ్వింది. అది నువ్వనుకునే బాస్ కాదు నాయనా, రాక్ బాస్. బ్లూగిల్, స్మాల్‌మౌత్, లార్జ్‌మౌత్, ఇది, అన్నీ సన్‌ఫిష్ కుటుంబమే, దాయాదులన్నమాట, కానీ మిషిగన్‌లో ఒక్కోదానికి ఒక్కో రూలు ఉంటుంది కాబట్టి ముందు ఏది ఏదో తెలుసుకో. కన్ను చూడు, కుంకుమ దిద్దినట్టు ఎర్రగా ఉంటుంది, అందుకే ఇక్కడోళ్ళు రెడ్ ఐ అని కూడా అంటారు. ఒంటి మీద వరసలు వరసలుగా నల్ల చుక్కలు. అనుమానమొస్తే తోకకి ముందు పొట్ట కింద ఉండే రెక్కకి ముళ్ళు లెక్కపెట్టు, దీనికి 5 నుంచి 7 దాకా ఉంటాయి, మిగతావాటికి మూడే. డెట్రాయిట్ పక్కనున్న లేక్ సెయింట్ క్లెయిర్‌లో స్మాల్‌మౌత్‌ని ఇంటికి తీసుకెళ్ళే సీజన్ జూన్ మూడో శనివారం గానీ మొదలవ్వదు, నువ్వు మే నెలలో రాక్ బాసే కదా అని దాన్ని బకెట్లో వేశావనుకో, ఆఫీసర్ వచ్చి ఫైన్ రాస్తే నన్నడక్కు.

ఇంకో చిత్రం, ఇది ఊసరవెల్లి జాతి. నీళ్ళలోంచి తీసినప్పుడు చుక్కలు మచ్చలు తేలి నల్లగా ఉంటుంది, తెల్ల బకెట్లో పది నిమిషాలు ఉంచి చూడు, పాలిపోయి వేరే చేపలా అయిపోతుంది. మొదటిసారి నేను చచ్చిపోతోందేమో అనుకుని కంగారుపడి నీళ్ళు మార్చా.

సరే, పెద్దది పట్టాలని ఉందన్నావు కాబట్టి రాస్తున్నా. పెద్దదంటే ఎంత అనేది ముందు తెలియాలి కదా. మామూలుగా పడేవి ఆరేడు అంగుళాలు. 10 అంగుళాలు దాటితే మంచి చేప, 11 అయితే ఫోటో తీసుకుని ఇండియాకి పంపించుకోవచ్చు, 12 అయితే ఇంక చెప్పక్కర్లేదు, నాకు ఈ 27 ఏళ్ళలో పడినవి నాలుగే. ప్రపంచ రికార్డే 3 పౌండ్లు, 1974లో కెనడాలో ఒంటారియోలోని యార్క్ నదిలో ఒకటి, 1998లో పెన్సిల్వేనియా వైపు లేక్ ఈరీలో ఇంకోటి, రెండూ సరిసమానం. కాబట్టి సాల్మన్‌లా చెయ్యంత పొడుగు ఉంటుందని ఆశపెట్టుకోకు. పౌండు దాటిందంటే ఆ చేపకి ఎనిమిది, పదేళ్ళ వయసు ఉండొచ్చు, చాలా మెల్లగా ఎదుగుతుంది ఇది, ఈ సంగతి గుర్తుంచుకో, కింద మళ్ళీ దీని దగ్గరికే వస్తా.

నేను చేసిన మొదటి తప్పు రాడ్. చిన్నప్పుడు కాలవ గట్టు మీద వెదురు గెడ, దానికి బెండు, ఎర్రలు, అలా మట్టగిడసలు పట్టినోణ్ణి, ఇక్కడికొచ్చి పెద్ద చేపకి పెద్ద రాడ్ కావాలనుకుని సముద్రంలో వాడేలాంటి లావు రాడ్ కొన్నా, 20 పౌండ్ల బరువు ఆపే లైను, అంటే దారం. రెండు నెలలు ఒక్కటి పడలా. పక్కన ఒక పెద్దాయన పుల్ల లాంటి సన్న రాడ్ పట్టుకుని వరసపెట్టి లాగుతున్నాడు, నా వైపు చూసి ఏమీ అన్లేదు గానీ నా హుక్కు చూసి నవ్వు ఆపుకున్నాడు. నీకు కావాల్సింది ఆరు, ఆరున్నర అడుగుల లైట్ లేదా అల్ట్రాలైట్ రాడ్, చిన్న స్పిన్నింగ్ రీలు, 4 లేదా 6 పౌండ్ల లైను, అంతే. ఎక్కువ డబ్బు తగలెయ్యకు.

ఇప్పుడు అసలు విషయం. నువ్వు సెయింట్ క్లెయిర్ పక్కనున్న మెట్రోపార్క్ అనే పార్కులో ఒడ్డున నిలబడి కాళ్ళ దగ్గర రాళ్ళలోకి ఎర వేస్తే నిమిషానికో చేప పడుతుంది, పడుతూనే ఉంటుంది, అన్నీ అరచెయ్యంతవే. అక్కడే అందరూ ఆగిపోతారు ఎందుకంటే పడుతున్నాయి కదా అని. రాక్ బాస్ గుంపులుగా ఉంటాయి, కానీ ఒక గుంపులో ఉన్నవి ఇంచుమించు ఒక సైజువే ఉంటాయిరా, పిల్లల క్లాసులో ప్రిన్సిపాల్ కూర్చోడు కదా. ఒకచోట వరసగా మూడు చిన్నవి పడ్డాయంటే సంతోషపడకు, లేచి వెళ్ళిపో. ఇరవై ముప్పై అడుగులు పక్కకి జరుగు, లేదా ఇంకొంచెం లోతుకి వెయ్యి. ఈ ఒక్క ముక్క నాకు అర్థమవడానికి ఆరేళ్ళు పట్టింది, పడుతున్న చోటుని వదిలి వెళ్ళాలంటే మనసొప్పదు మరి.

పెద్దవి ఎక్కడ ఉంటాయంటే రాళ్ళు అయిపోయి గడ్డి మొదలయ్యే అంచులో, లేదా రాతి కట్ట ఒక్కసారిగా లోతుకి దిగే చోట. సెయింట్ క్లెయిర్ చూడ్డానికి సముద్రంలా ఉంటుంది గానీ సగటు లోతు 11 అడుగులే, అంచేత అక్కడ రెండు మూడు అడుగుల తేడా ఉన్న గుంట కూడా పెద్ద విషయమే. ఉత్తరానికి వెళ్తే బర్ట్ లేక్, మల్లెట్ లేక్ లాంటి ఇన్‌లాండ్ లేకుల్లో ఎండాకాలం 10 నుంచి 20 అడుగుల్లో రాళ్ళ గుట్టలు వెతుక్కోవాలి. గాలి ఏ ఒడ్డుకి కొడుతోందో ఆ ఒడ్డుకే వెళ్ళు, అక్కడ నీళ్ళు కాస్త కలకబారతాయి, చిన్న చేపలు అటే కొట్టుకొస్తాయి, పెద్దవి భయం లేకుండా తిరుగుతాయి. నిలబడ్డానికి మనకి ఇబ్బందే, కళ్ళలో నీళ్ళొస్తాయి, అయినా సరే.

ఇంకోటి, సెయింట్ క్లెయిర్‌లో నీళ్ళు మరీ తేటగా ఉంటాయి. 1988లో ఈ లేక్‌లోనే మొదట జీబ్రా మస్సెల్స్ అని చిన్న చారల ఆలుచిప్పలు బయటపడ్డాయి, ఓడల్లో నీళ్ళతో పాటు ఎక్కడినుంచో వచ్చాయి, అవి నీళ్ళని వడకట్టి వడకట్టి అద్దంలా చేసేశాయి. దీనివల్ల నీకు రెండు సంగతులు. ఒకటి, మిట్టమధ్యాహ్నం పెద్ద చేప బయటికి రాదు, రాతి సందుల్లో నీడలో కూర్చుంటుంది, నీ టైమ్ తెల్లారగట్ట గంటన్నర, సాయంత్రం పొద్దుగూకే ముందు నుంచి చీకటి పడ్డాక గంట దాకా. రెండు, ఆ చిప్పల అంచులు బ్లేడులా ఉంటాయి, రాళ్ళనిండా అవే, లైను గీసుకుపోతుంది. అందుకని పది పదిహేనుసార్లు వేశాక ఒకసారి చివరి రెండడుగుల లైను గోళ్ళ మధ్య పెట్టి లాగి చూడు, గరుగ్గా తగిలిందంటే కోసేసి మళ్ళీ ముడెయ్యి. నా జీవితంలో అతి పెద్ద రాక్ బాస్ అలానే పోయింది, ఒడ్డుకి మూడడుగుల దూరంలో దాని ఎర్ర కన్ను నాకు కనపడింది, దానికి నేనూ కనపడ్డా, ఠప్‌మని తెగింది. బద్ధకించి ముడి మార్చలేదు, అంతే, ఇప్పటికీ మీ అత్త దగ్గర ఆ మాటెత్తితే లేచి వెళ్ళిపోతుంది, అన్నిసార్లు చెప్పా.

ఎర సంగతి. దీని ప్రాణం క్రేఫిష్ మీద ఉంటుంది, మన మంచినీళ్ళ రొయ్యకి పీతకి పుట్టినట్టుంటుందే అది. తర్వాత చిన్న చేపలు, పురుగులు. అంచేత క్రేఫిష్‌లా కనపడే గోధుమరంగు, ఆకుపచ్చ కలిసిన ట్యూబ్ జిగ్, అంటే తలకి సీసం బరువున్న హుక్కుకి తొడిగే మెత్తటి ప్లాస్టిక్ గొట్టం ఎర, రెండున్నర మూడంగుళాలది తీసుకో, పదహారో వంతు ఔన్స్ నుంచి ఎనిమిదో వంతు ఔన్స్ బరువు. అంగుళంన్నరవి వేస్తే పిల్లలు ముందు ఎగబడతాయి, కొంచెం పెద్ద ఎర వేస్తే చిన్నవి వాటంతటవే తగ్గిపోతాయి. ఎర్రలైతే అందరికీ ఇష్టమే, పిల్లకీ పెద్దకీ, అందుకే పెద్దది కావాలంటే ఎర్రలు మానెయ్. బతికున్న క్రేఫిష్ వాడాలనుకుంటే ఆ లేక్‌లోది ఆ లేక్‌లోనే వాడు, ఒకచోటిది ఇంకోచోటికి మోసుకెళ్ళకు. 2017లో మీ నోవైలోనే ఒక హోటల్ పక్కన చెరువులో రెడ్ స్వాంప్ క్రేఫిష్ బయటపడి పెద్ద గొడవైంది, దక్షిణాది రాష్ట్రాల సరుకు అది, ఇక్కడ ఉండకూడదు. అలాగే గోబీ అని తలకాయ లావుగా ఉండే చిన్న చేప పడుతుంది, దాన్ని బతికుండగా దగ్గర పెట్టుకోవడం కూడా నేరమే.

వేసే పద్ధతి చెప్తా విను. ఎదురుగా దూరంగా విసరకు, అందరూ చేసేది అదే. రాళ్ళ అంచు వెంబడి, కట్టకి సమాంతరంగా వెయ్యి, అప్పుడు నీ ఎర ఎంతసేపూ చేపలున్న చోటే ఉంటుంది. అడుక్కి దిగేదాకా ఆగు, లైను వదులవుతుంది చూడు, అప్పుడు రాడ్ కొనని జానెడు మాత్రం పైకెత్తి మళ్ళీ దించు, దించేటప్పుడు లైను పూర్తిగా వదిలెయ్యకు, వేలి మీద ఆనించుకో. చేప కొట్టేది దిగేటప్పుడే. చిన్నది టకటకా కొరుకుతుంది, పెద్దది ఒక్కసారి "టక్" అంటుంది, ఆ తర్వాత ఏమీ ఉండదు, తడి గుడ్డ తగులుకున్నట్టు బరువు మాత్రం వస్తుంది. అప్పుడు లాగు. మొదటి పది సెకన్లు రాతి సందులోకి దూరిపోవాలని బలంగా గుంజుతుంది, అప్పుడు గానీ తల తిప్పనిచ్చావా పోయింది. ఆ పది సెకన్లు దాటితే ఇంక పోట్లాట ఉండదు, ప్లాస్టిక్ కవర్‌లా వచ్చేస్తుంది, రాక్ బాస్‌కి ఉన్న చెడ్డపేరు అదే.

జూన్ చివర్లో రా నువ్వు, ఫిష్‌ఫ్లైస్ లేచే టైమ్. తొలకరి వాన పడ్డాక మన ఊళ్ళో ఉసిళ్ళు లేస్తాయి కదా, దానికి వందరెట్లు అనుకో. లేక్ ఒడ్డు ఊళ్ళలో దీపస్తంభాలు, కారు అద్దాలు, గోడలు అన్నీ కప్పేస్తాయి, నడుస్తుంటే కాళ్ళ కింద అటుకులు నలిగినట్టు కరకరమంటాయి. న్యూ బాల్టిమోర్‌లో వీటి పేరు మీద ఏటా తిరనాళ్ళే చేస్తారు. అవి నీళ్ళ అడుగున మట్టిలోంచి పైకి లేచే సాయంత్రాలు రాక్ బాస్‌కి పెళ్ళిభోజనమే, పైపైకి వచ్చేస్తాయి, అప్పుడు జిగ్ పక్కన పెట్టి జారుడు బెండు కట్టుకుని నాలుగైదు అడుగుల లోతులో చిన్న హుక్కుతో వెయ్యొచ్చు.

కానీ దానికి ముందు, మే చివర నుంచి జూన్ మొదట్లో, నీళ్ళు 60 ఫారెన్‌హీట్ దాటాక ఇవి గుడ్లు పెట్టే టైమ్ ఒకటుంది. మగచేప ఒడ్డు దగ్గర గులకరాళ్ళలో తోకతో పళ్ళెమంత గుంట చేసి, గుడ్లు పడ్డాక కాపలా కాస్తుంది. అప్పుడు పట్టడం చాలా తేలిక, గుంటలోకి ఏది వేసినా కొరుకుతుంది, ఆకలికి కాదు, పిల్లల కోసం. ఒక ఏడాది నేనూ నా ఫ్రెండూ ఒక చిన్న లేక్‌లో ఒక్క సాయంత్రం 11 పట్టాం అలా, అన్నీ 10 అంగుళాలకి అటూ ఇటూ, పండగ చేసుకున్నాం, పార్టీకి పిలిచి వేపుడు పెట్టాం. మగది పోయిన గంటలోపే చుట్టూ ఉన్న చిన్న చేపలు గుడ్లు ఊడ్చేస్తాయని అప్పుడు తెలీదు. తర్వాతి రెండేళ్ళు ఆ ఒడ్డున నాకు ఒక్క పెద్దది పడలేదు, పదేళ్ళు ఎదిగిన చేపల్ని గంటలో అవగొట్టేస్తే ఇంకెక్కణ్ణుంచి వస్తాయి. అప్పట్నుంచి గూళ్ళ మీద ఉన్నవాటి జోలికి పోను, 10 దాటినవి వదిలేస్తా, తినాలనిపిస్తే ఏడెనిమిది అంగుళాలవి నాలుగు తెచ్చుకుంటా. నువ్వూ అదే చెయ్యి, నేను వెళ్ళే చోటు నీకు చెప్పాలంటే ఇది కండిషన్.

వదిలేటప్పుడు చెయ్యి తడుపుకుని పట్టుకో, పొడి చేత్తో పడితే ఒంటి మీద జిగురు పోతుంది. తల వైపు నుంచి తోక వైపుకి చెయ్యి జార్చి వీపు ముళ్ళు అణిచిపెట్టు, లేకపోతే గుచ్చుకుంటాయి. హుక్కు మరీ లోపలికి మింగేస్తే పీకకు, లైను కోసేసి వదిలెయ్.

తినేవాటి మాట, పులుసుకి పనికిరాదు, ముక్క చిన్నది, ముళ్ళు చేతికొస్తాయి. పసుపు, కారం, అల్లం వెల్లుల్లి, నిమ్మకాయ పట్టించి వేపుడే. కోసినప్పుడు మాంసంలో పసుపు గింజల్లాంటివి, చర్మం మీద నల్ల చుక్కల్లాంటివి కనపడితే భయపడకు, చిన్న పురుగులే అవి, బాగా ఉడికిస్తే ఏమీ కాదు, చూసి తినబుద్ధి కాకపోతే అది నీ ఇష్టం. కానీ ఏ లేక్‌లో చేప నెలకి ఎన్నిసార్లు తినొచ్చో స్టేట్ హెల్త్ డిపార్ట్‌మెంట్ వాళ్ళ ఈట్ సేఫ్ ఫిష్ గైడ్ ఉంటుంది, పాదరసం, పీసీబీలనే ఫ్యాక్టరీ రసాయనాల గొడవ, అది చూడకుండా వండొద్దు, ముఖ్యంగా ఇప్పుడు అమ్మాయి కడుపుతో ఉంది.

లైసెన్స్ ఏప్రిల్ 1 నుంచి మార్చి 31 దాకా పనిచేస్తుంది, ఫోన్లోనే కొనుక్కోవచ్చు, అది లేకుండా రాడ్ బయటికి తియ్యకు.

ట్యూబ్‌లు కొనకు, నా దగ్గర డబ్బాడు ఉన్నాయి. గోళ్ళు కత్తిరించుకోకుండా రా, లైను చూసుకోవాలి.

మీ మామయ్య