సొరంగంలో బోల్టు కొండను మోస్తుందా?

ముప్పై ఏళ్లకు పైగా సొరంగాల్లో పనిచేసి, ఫోర్‌మన్‌గా రిటైరై ఇప్పుడు చీపురుపల్లిలో ఉంటున్నాను. ఈ శీర్షికకు ఈసారి వచ్చిన ఉత్తరాల్లో ఎక్కువ భాగం రాక్ బోల్టుల గురించే, అంటే రాయి జారకుండా కొండలోకి దింపి బిగించే ఇనుప కడ్డీల గురించే. నాలుగింటికి జవాబు రాస్తున్నాను. మొదటి జవాబు బాగా పొడుగైంది. ఆ ఉత్తరం చదివాక రెండు రోజులు నా మనసు వేరే పని మీదికి పోలేదు.

ప్రశ్న: బాబాయిగారూ, మా ఆయన హిమాచల్ ప్రదేశ్‌లో ఒక సొరంగం పనిలో ఉన్నారు. మొన్న వీడియో కాల్‌లో లోపలంతా చూపించారు. కప్పు నిండా పళ్లేల్లాంటి ఇనుప ముక్కలు, వాటి మధ్యలో నట్లు ఉన్నాయి. ఒకచోట నీళ్లు కారుతున్నాయి. ఏమిటివి అంటే "ఇవే కొండను ఆపుతాయి" అన్నారు. బొటనవేలంత లావు ఇనుము కొండను ఎలా ఆపుతుంది? 2023 నవంబరులో ఉత్తరాఖండ్ సిల్‌క్యారా సొరంగంలో 41 మంది 17 రోజులు ఇరుక్కుపోయిన దగ్గర్నుంచి నాకు సరిగా నిద్ర పట్టడం లేదు.
— ఒక సోదరి, పలాస దగ్గర పల్లె

జవాబు: అమ్మా, నీ భయం అర్థం లేనిది కాదు. మా ఇంట్లో కూడా ఇదే భయంతో ముప్పై ఏళ్లు గడిపారు. నువ్వు అడిగిన ప్రశ్న కూడా సరైనదే. ఆ ఇనుము కొండను మోయదు. కొండను మోసేది కొండే.

ఎలాగో చెప్తాను. అడవి నుంచి కట్టెలు తెచ్చేవాళ్లను చూసే ఉంటావు. పుల్లలు విడివిడిగా కాలవ మీద వేసి అడుగేస్తే ఒక్కొక్కటే జారి నీళ్లలో పడతాయి. అవే పుల్లలు మోపుగా బిగించి కట్టి అడ్డంగా వేస్తే మనిషి దాటొచ్చు. తాడుకు మనిషిని మోసే పని లేదు. పుల్లలు ఒకదాని మీద ఒకటి జారకుండా పట్టి ఉంచడమే దాని పని. బోల్టు చేసేది అదే. సొరంగం తవ్వినప్పుడు చుట్టూ ఉన్న రాయి పగుళ్లు విచ్చుకుని, ముక్కలు కదలడం మొదలుపెడతాయి. ఆ ముక్కల్లోంచి లోపలి గట్టి రాయి దాకా బెజ్జం వేసి, కడ్డీ దింపి, చుట్టూ సిమెంటో రెజినో (గట్టిపడే రసాయన జిగురు) నింపి, బయట పళ్లెం పెట్టి నట్టు బిగిస్తారు. అలా వరసగా వేసుకుంటూ పోతే సొరంగం చుట్టూ రెండు మూడు మీటర్ల రాయి ఒక్క కమానులా బిగుసుకుంటుంది. పై బరువును ఆ రాతి కమానే పక్కలకు దించుతుంది.

ఆస్ట్రేలియాలో స్నోయీ పర్వతాల జలవిద్యుత్ పథకం 1949లో మొదలై 1974 దాకా సాగింది. రాక్ బోల్టులను పెద్ద ఎత్తున, ఒక పద్ధతి ప్రకారం వాడిన తొలి పనుల్లో అదొకటి. అక్కడి ఇంజనీరు టామ్ లాంగ్, నమ్మని వాళ్లకు ఒక బకెట్టు చూపించేవాడు. బకెట్టులో కంకర నింపి, అందులో చిన్న చిన్న బోల్టులు పెట్టి బిగించి, దాన్ని తలకిందులు చేసేవాడు. సిమెంటు లేదు, జిగురు లేదు, కంకర పడలేదు. నేను పనిలో చేరిన కొత్తలో మా సీనియర్ ఈ సంగతి చెప్తే నేను కూడా నమ్మలేదు. తర్వాత కళ్లతో చూశాను. రాత్రి పేల్చిన చోట పెంకుల్లా వేలాడిన కప్పు, బోల్టులు పడ్డాక ఏళ్ల తరబడి కదల్లేదు.

ఇప్పుడు లెక్క చూడు. బోల్టుకు బోల్టుకు మధ్య మీటరున్నర దూరం పెట్టారనుకో. ఒక్కో బోల్టు వాటాకు వచ్చే రాయి మీటరు మందం వదులైందనుకున్నా బరువు సుమారు 6 టన్నులు. 25 మి.మీ. కడ్డీ సాగడం మొదలవ్వాలంటే దాదాపు 25 టన్నులు లాగాలి. అంటే ఇనుము బలం సరిపోతుంది. నేను చూసిన వాటిలో ఇనుము తెగినవి చాలా తక్కువ, పట్టు లేక జారినవే ఎక్కువ. మీ ఆయన ప్రాణం ఉన్నది కడ్డీ చుట్టూ ఉన్న ఆ సన్నటి సిమెంటు పొరలో.

ఇది నేను ఊరికే చెప్పడం లేదు. చాలా ఏళ్ల కిందట ఉత్తరాన ఒక సొరంగంలో నైట్ షిఫ్టులో ఉన్నాను. ముందు షిఫ్టు వాళ్లు వేసిన బోల్టులు వరసగా, పళ్లేలు బిగించి, చూడ్డానికి చక్కగా ఉన్నాయి. తెల్లవారుజామున మంచమంత రాతి పెంకు ఒక బోల్టుతో సహా ఊడి పడింది. మన సారవకోట వైపు కుర్రాడి కాలు విరిగింది. వాణ్ని బయటికి మోసుకెళ్లి పంపాక వెనక్కి వచ్చి ఆ కడ్డీ చేత్తో పట్టుకుని చూశాను. మూడు మీటర్ల కడ్డీకి చివర జానెడు మేర సిమెంటు అంటుకుని ఉంది. మిగతాదంతా కొట్లోంచి తెచ్చినట్టే శుభ్రంగా ఉంది. ఏం జరిగిందంటే, పంపు ఆడడం లేదని సిమెంటులో నీళ్లు ఎక్కువ పోశారు. 50 కిలోల బస్తాకు 18 నుంచి 20 లీటర్ల నీళ్లు చాలు. అప్పుడది చిక్కగా పేస్టులా ఉండి పైకి వేసిన బెజ్జంలో నిలుస్తుంది. నీళ్లు ఎక్కువైతే కడ్డీ వెంబడే కిందికి కారిపోతుంది. తెల్లారి చూసేవాడికి పళ్లెమే కనిపిస్తుంది, లోపలి బోలు కనిపించదు. ఆ షిఫ్టు వాళ్లను మర్నాడు నిలదీశాను. కానీ బిగించక ముందే నేను చూసి ఉండాల్సింది. ఆ కుర్రాడు ఇప్పటికీ పండక్కి ఫోన్ చేస్తాడు. ఫోన్ మోగినప్పుడల్లా నాకు ఆ కడ్డీయే గుర్తొస్తుంది.

నీళ్ల మాటకొస్తాను. బోల్టు దగ్గర తేటనీళ్లు చుక్కలుగా పడడం మామూలే. కొండలో నీళ్లుంటాయి, బెజ్జం దొరికితే బయటికి వస్తాయి. రాతి వెనక ఒత్తిడి పెరగకూడదని మేమే కావాలని నీళ్లు పోయే బెజ్జాలు వేస్తాం. గాబరా పడాల్సింది ఎప్పుడంటే, తేటగా ఉన్న నీళ్లు బురదగా మారినా, ధార ఉన్నట్టుండి పెరిగినా, ఉన్నట్టుండి ఆగిపోయినా. పళ్లెం మధ్యలోకి లొట్టపడి వంగినా, పైన చల్లిన కాంక్రీటు, అదే షాట్‌క్రీట్, కొత్తగా పగిలినా ఆ చోట బరువు పెరుగుతోందని అర్థం. మీ ఆయనకు ఈ గుర్తులు చెప్పు. కనిపిస్తే ముందు వెనక్కి రావాలి, తర్వాత ఫోర్‌మన్‌కు చెప్పాలి. ఇంకో రెండు విషయాలు అడగమను. బోల్టులను జాకీతో లాగి పరీక్ష చేస్తున్నారా? గోడలకు బిగించిన మెరిసే బిళ్లలను సర్వేయర్లు చూసి కొలతలు రాసుకుంటున్నారా? ఆ బిళ్లలు కప్పు ఎన్ని మిల్లీమీటర్లు దిగిందో చెప్తాయి. ఈ రెండూ క్రమంగా జరుగుతున్న చోట నేను ధైర్యంగా పనిచేశాను.

రాయి మరీ నలిగిపోయి మట్టిలా ఉన్నచోట బోల్టులొక్కటే చాలవు. అక్కడ వంపు తిప్పిన ఇనుప రిబ్బులు, జాలీ, షాట్‌క్రీట్ కూడా పడాలి. మీ ఆయన ఉన్నచోట రిబ్బులు వేస్తున్నారేమో అడిగి నాకు మళ్లీ రాయి అమ్మా. అప్పుడు ఇంకాస్త వివరంగా చెప్పగలను.

ప్రశ్న: సార్, నేను విజయనగరంలో మైనింగ్ డిప్లొమా చదువుతున్నాను. రెజిన్ బోల్టు, స్ప్లిట్ సెట్, స్వెల్లెక్స్ అని పుస్తకంలో ఉన్నాయి. బొమ్మలే చూశాం. ఏది ఎక్కడ వాడాలో ఎలా తెలుస్తుంది?
— ఒక విద్యార్థి

జవాబు: తమ్ముడూ, పట్టు ఎక్కడ పుడుతుందో చూస్తే అన్నీ విడివిడిగా అర్థమవుతాయి.

పాత రకంలో బోల్టు చివర ఆకులు విచ్చుకుని రాతిని కరిచి పట్టుకుంటాయి. పట్టు ఆ కొసన మాత్రమే. గట్టి రాయిలో వెంటనే పనిచేస్తుంది. పక్కన పేలుళ్లు జరిగినకొద్దీ వదులవుతుంది, కాబట్టి మళ్లీ మళ్లీ బిగించుకోవాలి.

రెజిన్ కాప్స్యూల్ చూస్తే పిల్లలు కొనుక్కునే గొట్టం ఐస్ గుర్తొస్తుంది. అలాంటి సన్నటి ప్లాస్టిక్ తొడుగులో రెండు అరలు, ఒకదాంట్లో రెజిన్, ఇంకోదాంట్లో దాన్ని గట్టిపరిచే మందు. బెజ్జంలోకి కాప్స్యూళ్లు తోసి, కడ్డీని గిరగిరా తిప్పుతూ ఎక్కించాలి. తొడుగు చిరిగి, రెండూ కలిసి, కొసన వేసిన ఫాస్ట్ కాప్స్యూల్ నిమిషం లోపే బిగుసుకుంటుంది. పెయింటు షాపులో వచ్చేలాంటి ఘాటైన వాసన వస్తుంది. ఇక్కడ అందరూ చేసే తప్పు బెజ్జం సైజు. 22 మి.మీ. కడ్డీకి 28 మి.మీ. దగ్గర బెజ్జం ఉండాలి. సరైన డ్రిల్లు బిట్టు దొరకలేదని పెద్ద బెజ్జం వేస్తే తొడుగు చిరగకుండా కడ్డీ చుట్టూ అలాగే చుట్టుకుపోతుంది, రెజిన్ కలవదు. సిమెంటు కాప్స్యూళ్లు కూడా ఉన్నాయి. వాటిని నీళ్లలో వేసి బుడగలు రావడం ఆగేదాకా నానబెట్టాలి. బుడగలు వస్తుండగానే తీస్తే లోపల పొడి పొడిగానే మిగిలిపోతుంది. నేను హెల్పర్లకు ఒకటే చెప్పేవాణ్ని, బకెట్టు మీద నుంచి చూపు తీయొద్దని.

స్ప్లిట్ సెట్ 1970లలో అమెరికాలో జేమ్స్ స్కాట్ కనిపెట్టినది. నిలువునా చీలిక ఉన్న ఇనుప గొట్టం, దానికంటే కొంచెం ఇరుకు బెజ్జం. కొట్టి ఎక్కిస్తే గొట్టం విచ్చుకోవాలని చూస్తూ పొడవునా రాతిని ఒత్తుకుంటుంది. వేసిన క్షణం నుంచే పనిచేస్తుంది కానీ మోసేది కొద్ది టన్నులే, తుప్పు పడితే అదీ పోతుంది. స్వెల్లెక్స్‌ను తెచ్చింది స్వీడన్ కంపెనీ అట్లాస్ కాప్కో. మడిచిన గొట్టంలోకి 300 బార్ ఒత్తిడితో నీళ్లు పంపితే ఉబ్బి బెజ్జంలో ఎగుడుదిగుళ్లకు అతుక్కుపోతుంది. బెజ్జం వేస్తుంటేనే కూలిపోయే చోట, డ్రిల్లు కడ్డీయే బోల్టుగా లోపలే ఉండిపోయే రకం వాడతారు.

బోల్టు పొడవు గురించి, పై జవాబులో చెప్పిన ఇంజనీరు టామ్ లాంగ్ మాట ఇంకా వాడుకలో ఉంది. బోల్టుల మధ్య దూరానికి కనీసం రెట్టింపు పొడవు ఉండాలి. మీటరున్నరకు ఒకటి వేస్తే మూడు మీటర్ల కడ్డీ అన్నమాట. కానీ ముందు రాయిని చూడు. మన తూర్పు కనుమల్లో ఎక్కువగా ఉన్నది ఖోండలైటు. ఈ కొండల్లో ఉండే కోందు గిరిజనుల పేరు మీదనే ఆ రాయికి పేరు పెట్టారు. అందులో పొరలుంటాయి, వానకు నానిన చోట మెత్తబడి మట్టిలా అవుతుంది. పొరల వెంబడే బోల్టు వేస్తే రెండు పేజీల మధ్య పుల్ల దూర్చినట్టే. పొరలను అడ్డంగా కోస్తూ వెయ్యాలి. సెలవుల్లో సాలూరు దాటి ఘాటీ రోడ్డు ఎక్కు. కోసిన కొండ పక్కన నిలబడి పొరలు ఎటు వాలాయో కాగితం మీద గీసుకో. తరగతిలో వారం చెప్పినా అంత తెలియదు.

ప్రశ్న: టెక్కలి దగ్గర గ్రానైట్ క్వారీలో పనిచేస్తున్నాను. మా గోడ పైన అంచుకు వెనకగా పగులు పడింది. అరచెయ్యి దూరుతుంది. బోల్టులు వేయిస్తాం, పని ఆపొద్దు అంటున్నారు. వేస్తే చాలా?
— ఒక కార్మికుడు

జవాబు: చాలదు తమ్ముడూ. ఇవాళే ఆ గోడ కింద పని ఆపాలి. అరచెయ్యి దూరేంత పగులంటే ఆ బండ ఎప్పుడో కదిలింది. బోల్టు వెయ్యాలంటే దాని మీదో దాని కిందో నిలబడి డ్రిల్లు ఆడించాలి, ఆ అదురుకే అది రావచ్చు. 1961 మెటల్లిఫెరస్ మైన్స్ రెగ్యులేషన్స్ (బొగ్గు, చమురు కాని గనుల నియమాలు) ప్రకారం గట్టి రాయిలోనైనా పక్కలు పడకుండా మెట్లు కొట్టాలి, వాలు ఇవ్వాలి, లేదంటే భద్రపరచాలి. మీ దగ్గర మెట్లు లేకుండా నిలువు గోడ కోసి ఉంటే తప్పు అక్కడే ఉంది.

పగులుకు అడ్డంగా రెండు మూడు చోట్ల సిమెంటు ముద్ద అతికించి తారీఖు రాయించండి. ముద్ద పగిలితే బండ ఇంకా నడుస్తోందని తెలుస్తుంది. అది పగలకపోయినంత మాత్రాన కిందికి వెళ్లొద్దు. వాననీళ్లు పగుల్లోకి పోకుండా పైన గాడి తీసి పక్కకు మళ్లించాలి. ఇలాంటి బండను ముందు పైనుంచి దించెయ్యాలి. దించాక వెనక మిగిలిన గోడకు, ఇంజనీరు వచ్చి పగుళ్ల వాలు చూసి చెప్తే, అప్పుడు బోల్టులు. యజమాని ఒప్పుకోకపోతే మైన్స్ సేఫ్టీ వారికి రాయండి. మీరు ఒక్కరే కాకుండా నలుగురూ సంతకాలు పెట్టండి.

ప్రశ్న: బొబ్బిలి దగ్గర మా పాత రాతి బావిలో, పదడుగుల లోతున, ఒక రాయి గోడ నుంచి ముందుకు వచ్చింది. సొరంగంలో వేసే బోల్టు ఒకటి వేయించవచ్చా?
— ఒక రైతు

జవాబు: వద్దండి. ఒక్క బోల్టు కోసం మనిషిని ఆ రాయి కింద వేలాడదీయాలి, ఆ పని వద్దు. వానాకాలం ముందే, నీళ్లు తగ్గినప్పుడు, అనుభవం ఉన్న బావి పనివాళ్లతో రాయికి పైనుంచి గొలుసు వేసి, పలుగుతో కదిల్చి పైకి లాగించండి. గుంత పడిన చోట రాతి కట్టడం చేయించండి. పాత బావుల్లో గాలి సరిగా ఉండదు, దిగేముందు అదీ చూసుకోవాలి. రాయి బయటికి వచ్చేదాకా మోటారు రిపేరుకైనా సరే ఎవరినీ బావిలోకి దింపకండి.